చింటూ గుండె మందులు, టీచరు గారి పెన్షను

పోయిన నెల ఈ శీర్షికలో కుక్కల దగ్గు గురించి రాశాక వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే మాట అడిగాయి. గుండె జబ్బని తేలింది, మందులు బతికినంత కాలం వాడాలన్నారు, ఈ ఖర్చు ఎలా మోయాలి అని. అందుకని ఈసారి చర్మం, పురుగులు, కుట్లు అన్నీ పక్కన పెట్టి ఈ ఒక్క విషయమే తీసుకుంటున్నాను. రాసినవాళ్ళ పేర్లు తీసేశాను, కుక్కల పేర్లు మార్చాను.

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది కాకినాడ. రిటైరైన స్కూలు టీచర్ని. మా చింటూ పమేరియన్, పదకొండేళ్ళు, 6 కిలోలు. నాలుగు నెలల క్రితం రాత్రంతా దగ్గి, కూర్చునే నిద్రపోతుంటే తీసుకెళ్ళాం. గుండె కవాటం లీకవుతోంది, ఊపిరితిత్తుల్లో నీరు చేరింది అన్నారు. ఇంజెక్షన్లు చేశారు, తేరుకున్నాడు. అప్పటినుంచి నెలకి మందులు, ప్రత్యేకమైన మేత కలిపి 4,600 రూపాయలు అవుతోంది. నా పెన్షన్లోనే ఇల్లు గడవాలి, నా షుగర్ మందులూ అందులోనే. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, పోయిన నెల నుంచి రెండు పూటలా వేయాల్సిన మాత్రని ఒక్క పూటే వేస్తున్నాను. పైకి బాగానే ఉన్నాడు కానీ మొన్నటినుంచి మళ్ళీ రాత్రి దగ్గు మొదలైంది. మా డాక్టరు గారికి చెబితే తిడతారని భయం. ఏం చేయమంటారు?

జవాబు: టీచరు గారూ, ముందు ఈ రోజే చేయాల్సింది. ఈ రాత్రి నుంచి రెండో పూట మాత్ర మళ్ళీ మొదలుపెట్టండి, రేపు పొద్దున మీ డాక్టరు గారికి ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పండి. తిట్టరు. ఒకవేళ తిట్టినా పరవాలేదు, ఎందుకంటే మీరు చెప్పకపోతే ఆయన “ఇంత మందు వాడినా దగ్గు తగ్గలేదంటే జబ్బు ముదిరింది” అనుకుని డోసు పెంచుతారు, ఇంకో మందు కలుపుతారు, అప్పుడు మీ ఖర్చు 4,600 నుంచి ఇంకా పైకి పోతుంది. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో ఇలా చెప్పకుండా మాత్రలు తగ్గించినవాళ్ళు చాలామంది ఉన్నారు, వాళ్ళెవరికీ కుక్క మీద ప్రేమ లేక కాదు. డబ్బు లేదని డాక్టరు ముందు అనడానికి నోరు రాలేదు, అంతే. ఆ మాట మొదటి రోజే మేమే అడగాలి, “నెలకి ఎంత పెట్టగలరు” అని. అడగకపోవడం మా తప్పు.

మాత్ర సగానికి తగ్గిస్తే ఖర్చు సగమవుతుందని అనిపిస్తుంది గానీ ఈ జబ్బులో అలా జరగదు. చింటూకి వేస్తున్న పింబోబెండాన్ (వెట్‌మెడిన్ పేరుతో ఎక్కువమందికి తెలుసు) పని దాదాపు పన్నెండు గంటలే, అందుకే రెండు పూటలు. ఒక పూట మానేస్తే మిగతా సగం రోజు గుండెకి ఆ సాయం ఉండదు. నీరు మళ్ళీ ఊపిరితిత్తుల్లోకి చేరితే ఆక్సిజన్ పెట్టాలి, రెండు మూడు రోజులు ఆసుపత్రిలో ఉంచాలి. ఆ ఒక్క రాత్రి బిల్లు మీరు నెలల తరబడి మిగిల్చినదంతా తీసుకుపోతుంది, పైగా చింటూ అంత బాధ పడాలి.

ఇప్పుడు మీ బిల్లు చూద్దాం. మీరు పంపిన కాగితంలో ఎనిమిది వరసలున్నాయి: పింబోబెండాన్, ఫ్యూరోసెమైడ్, స్పైరనోలాక్టోన్, బెనజెప్రిల్, లివర్ టానిక్, మల్టీవిటమిన్, కోఎంజైమ్ పొడి, గుండె జబ్బు కుక్కల మేత సంచి. ఎనిమిదీ ఒకేలా ముఖ్యం కావు, ఈ సంగతి ఎవరూ మీకు విడమరిచి చెప్పినట్టు లేదు.

మొదటి రెండూ ప్రాణం నిలబెట్టేవి. వాటిలో ఒక్క పూట కూడా తగ్గించడానికి లేదు. ఫ్యూరోసెమైడ్ అంటే మన లాసిక్సే, ఒంట్లో చేరిన నీటిని ఉచ్చలో బయటికి పంపేది, మనుషులు వాడే మందే. 6 కిలోల చింటూకి పూటకి 10 మిల్లీగ్రాములు రాశారు కాబట్టి 40 మిల్లీగ్రాముల మాత్రని నాలుగు ముక్కలు చేస్తే రెండు రోజులు వస్తుంది. నెలకి పదిహేను మాత్రలు, అంటే ఒక షీటు. దాని ధర హోటల్లో ప్లేటు ఇడ్లీ ఖరీదు కూడా ఉండదు. మీరు మాత్రం కుక్కల కోసమని అమ్మే సిరప్ కొంటున్నారు, ఆ సీసా ధర చూస్తే నాకే బాధేసింది. డాక్టరు గారిని అడిగి మాత్రకి మారండి. స్పైరనోలాక్టోన్ కూడా మనుషుల మందే, 25 మిల్లీగ్రాముల మాత్రలో సగం రోజుకొకసారి అని మీ చీటీలో ఉంది. ఈ రెండూ జన్ ఔషధి కేంద్రంలో అడగండి. 2008లో మొదలైన పథకం అది, ఇప్పుడు కాకినాడ లాంటి ఊళ్ళో ఒకటికి నాలుగు షాపులు ఉంటాయి. చీటీలో కంపెనీ పేరు కాకుండా మందు పేరు రాయించుకుంటేనే అక్కడ పని జరుగుతుంది. పశువుల డాక్టరు రాసిన చీటీ అని కొందరు షాపువాళ్ళు వెనకాడతారు, అందుకని చీటీ మీద డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరు, కుక్క బరువు, డోసు స్పష్టంగా ఉండేలా చూసుకోండి.

ఒక జాగ్రత్త. మనుషుల మందుల షాపులో పేరు చివర అదనంగా అక్షరం ఉన్న మాత్రలు ఉంటాయి, హెచ్ అనో, ఏఎం అనో. దాని అర్థం అందులో ఇంకో మందు కలిపారని. అలాగే ఫ్యూరోసెమైడ్, స్పైరనోలాక్టోన్ రెండూ కలిపిన మాత్ర కూడా దొరుకుతుంది, షాపువాళ్ళు “రెండూ ఒకదాంట్లోనే ఉన్నాయమ్మా, చవక” అని ఇస్తారు. ఆ పాళ్ళు మనుషులకి సరిపోయేవి, చింటూకి కాదు. తీసుకోకండి.

బెనజెప్రిల్ సంగతి. ఇది ఏసీఈ ఇన్హిబిటర్ అనే జాతి మందు, రక్తనాళాల్ని వదులు చేసి గుండె మీద భారం తగ్గిస్తుంది. మీరు కొంటున్నది కుక్కల బ్రాండు కాబట్టి ధర ఎక్కువ. అదే జాతిలో ఎనలాప్రిల్ మనుషులకి చవగ్గా దొరుకుతుంది, కుక్కల్లోనూ ఎప్పటినుంచో వాడుతున్నాం. మారడానికి వీలుంటుందా అని అడగండి. ఇంకొక మాట కూడా ధైర్యంగా అడగొచ్చు. కవాటం లీకై గుండె చేతులెత్తేసిన 156 కుక్కల్లో, పింబోబెండాన్, ఫ్యూరోసెమైడ్‌లకి తోడు ఇదే జాతికి చెందిన రామిప్రిల్ కలిపి చూశారు, 2020లో ఆ ఫలితాలు వచ్చాయి. కలిపినవాటికీ కలపనివాటికీ ఆయుష్షులో తేడా రాలేదు. అలా అని మీ అంతట మీరు ఆపేయకండి, బీపీ ఎక్కువున్న కుక్కకి ఈ మందు అవసరం ఉంటుంది. కానీ చేతిలో డబ్బు ఒక్క మందుకే సరిపోయే నెల వస్తే, పింబోబెండాన్ కొని ఇది వదిలేయడం నయం, దీన్ని కొని పింబోబెండాన్ సగం చేయడం కన్నా. మీరు చేసింది సరిగ్గా దీనికి తలకిందులు. పాపం మీకు చెప్పినవాళ్ళు లేరు.

లివర్ టానిక్, మల్టీవిటమిన్, కోఎంజైమ్ పొడి. మీ చింటూ రక్త పరీక్షలో లివర్ బాగానే ఉంది. ఈ మూడూ ఆపితే గుండెకి ఏ నష్టమూ రాదు. డాక్టరు గారికి ఒక మాట చెప్పి మానేయండి.

మేత సంచి కూడా అంతే. అందులో ముఖ్యమైన గుణం ఉప్పు తక్కువగా ఉండటం, మాంసకృత్తులు సరిపడా ఉండటం. అది వంటింట్లోనే చేసుకోవచ్చు. ఉప్పు వేయకుండా ఉడికించిన చికెన్ గానీ గుడ్డు గానీ, అన్నం, సొరకాయో గుమ్మడికాయో బీరకాయో. ఉల్లి, వెల్లుల్లి పడకూడదు, ద్రాక్ష, ఎండుద్రాక్ష అసలే వద్దు. మీరు ఉత్తరంలో “మధ్యాహ్నం మాత్రం నేను తినేదాంట్లో నాలుగు ముద్దలు పెడతాను” అని రాశారు. టీచరు గారూ, ఖరీదైన మేత కొని, ఆవకాయ కలిపిన ముద్ద, అప్పడం ముక్క పెడితే ఆ మేతకి అర్థం ఉండదు. ఉప్పు నీటిని ఒంట్లో పట్టి ఉంచుతుంది, దాన్ని బయటికి పంపడానికి లాసిక్స్ పెంచాలి. ఊరగాయ, అప్పడం, చిప్స్, బేకరీ బిస్కెట్, ఎండు చేప, చీజ్ ముక్కలో దాచి మాత్ర వేయడం, ఇవన్నీ ఆపండి. మాత్ర తినకపోతే అరటిపండు చిన్న ముక్కలో పెట్టండి.

పింబోబెండాన్ ఎలా వేస్తున్నారో రాయలేదు. చాలామంది పెరుగన్నంలో కలిపేస్తారు. తిండితో కలిస్తే ఇది ఒంటికి సరిగ్గా పట్టదు, తిండికి గంట ముందు ఖాళీ కడుపున వేయాలి. ఇంత ధర పెట్టి కొన్న మందు సగం వృథా కావడం ఇక్కడ జరుగుతుంది. నీళ్ళలో కరిగించి సీసాలో పోసి ఉంచడం కూడా వద్దు, అలా ఈ మందు నిలవదు.

కొనేటప్పుడు మిల్లీగ్రాముల లెక్క చూడండి. మీరు 1.25 మిల్లీగ్రాముల మాత్రలు నెలకి అరవై కొంటున్నారు. మధ్యలో గీత ఉన్న 2.5 మాత్రలు ముప్ఫై కొని సగం చేస్తే అదే మందు. మాత్రలో మందు రెట్టింపైనంత మాత్రాన ధర రెట్టింపు కాదు, రెండు ధరలూ అడిగి చూసుకోండి. గీత ఉన్న మాత్రకే ఈ లెక్క, క్యాప్సూల్ అయితే విప్పి పంచకూడదు. మన దేశంలో తయారయ్యే పింబోబెండాన్ బ్రాండ్లు కూడా ఉన్నాయి, మీ డాక్టరు గారికి నమ్మకం ఉన్నది ఏదో ఆయన్నే అడగండి. ఆరు నెలలకి ఒకేసారి కొనకండి, డోసు మారితే అన్నీ మిగిలిపోతాయి. రెండు మూడు నెలలు నిలకడగా ఉన్నాక పెద్ద ప్యాకు తీసుకోండి, గడువు తేదీ చూసి.

ఇక పైసా ఖర్చు లేని పని ఒకటి, నా లెక్కలో అన్నిటికన్నా విలువైనది. చింటూ గాఢంగా నిద్రపోతున్నప్పుడు ఒక నిమిషం పాటు ఛాతీ ఎన్నిసార్లు లేచి పడుతుందో లెక్కపెట్టండి. కల కంటూ కాళ్ళు కదిలిస్తుంటే వద్దు, ఏసీ లేని గదిలో ఎండ వేళ వద్దు. 30 లోపు ఉంటే సరే. 30 దాటి, ఇంకోసారి చూసినా దాటితే ఆ రోజే ఫోన్ చేయాలి. 40 దాటి పొట్ట ఎగేస్తుంటే ఫోన్ కాదు, బయల్దేరాలి. రోజూ క్యాలెండర్ మీద రాయండి, మీకు రిజిస్టర్లు రాయడం కొత్త కాదు కదా. దగ్గు మొదలయ్యే రెండు మూడు రోజుల ముందే ఈ అంకె పెరుగుతుంది. అలా పెరిగినప్పుడు లాసిక్స్ అదనంగా ఎంత వేయాలో ముందే చీటీ మీద రాయించి పెట్టుకుంటే, అర్ధరాత్రి ఆటో ఎక్కాల్సిన అవసరం చాలాసార్లు తప్పుతుంది.

పరీక్షల్లో కూడా తగ్గించుకోవచ్చు. ప్రతిసారీ మొత్తం ప్రొఫైల్ అక్కర్లేదు, మందు మొదలుపెట్టిన, మార్చిన వారం పది రోజులకి రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీల పని చెప్పేది), పొటాషియం చూస్తే చాలావరకు సరిపోతుంది. అవి మాత్రం మానకండి. ఇంట్లో ఉచ్చ పోస్తున్నాడని నీళ్ళ గిన్నె తీసేయకండి, లాసిక్స్ మీద ఉన్న కుక్కకి నీళ్ళు ఆపితే కిడ్నీలు దెబ్బతింటాయి, మే నెల ఎండల్లో మరీను.

మీ బిల్లులో ఇవన్నీ సవరించి నేను లెక్క వేస్తే, మిగిలే పెద్ద ఖర్చు పింబోబెండాన్ ఒక్కటే. దానికి ఖాళీ దొరికింది కాబట్టి రెండో పూట మాత్ర కొనుక్కోగలరు.

ప్రశ్న: వరంగల్ నుంచి రాస్తున్నాను సార్. మా బ్రూనో లాబ్రడార్, ఎనిమిదేళ్ళు, 34 కిలోలు. గుండె కండరం పలచబడి సాగిపోయింది, డీసీఎం అన్నారు. పింబోబెండాన్ పూటకి ఒకటిన్నర చొప్పున 5 మిల్లీగ్రాముల మాత్రలు, నెలకి తొంభై. మాది శాకాహారం ఇల్లు, చిన్నప్పటినుంచి పెరుగన్నం, పప్పన్నమే. డల్లాస్‌లో ఉన్న అన్నయ్య వచ్చేటప్పుడు అక్కణ్ణుంచి మందులు తెస్తానంటున్నాడు. మంచిదేనా?

జవాబు: పెద్ద కుక్క ఉన్నవాళ్ళ కష్టం ఇదే తమ్ముడూ, మందు బరువుని బట్టి. పమేరియన్‌కి నెలకి ముప్ఫై మాత్రలు సరిపోయే చోట నీకు పెద్దవి తొంభై. డల్లాస్ ఆలోచన వదిలెయ్. అక్కడ కూడా అక్కడి వెటర్నరీ డాక్టరు చూసి చీటీ రాస్తేనే ఇస్తారు, బ్రూనోని ఆయన చూడలేదు కదా, పైగా అన్నయ్య వచ్చేలోపు డోసు మారితే ఏం చేస్తావు. అన్నయ్యకి సాయం చేయాలని ఉంటే ఆ డబ్బు ఇక్కడికి పంపమను. 10 మిల్లీగ్రాముల మాత్ర మీ ఊళ్ళో దొరుకుతుందేమో చూడు, ఇప్పటి 7.5 డోసు కోసం దాన్ని మూడు పావులు చేయడం కుదరదు గానీ, మీ డాక్టరు పూటకి 10 సరే అంటే (34 కిలోలకి ఆ డోసు పరిధి దాటదు) రోజుకి రెండే మాత్రలవుతాయి. రెండు లెక్కలూ వేసి ఏది చవకో అడుగు.

నీ ఉత్తరంలో నన్ను ఆపేసింది తిండి. గుండె కండరానికి టారిన్ అనే పదార్థం కావాలి. అది మాంసం, చేప, గుడ్డులో ఉంటుంది, మొక్కల నుంచి వచ్చే తిండిలో దాదాపు ఉండదు. కుక్కలు దాన్ని ఒంట్లోనే తయారు చేసుకుంటాయి, నిజమే, కానీ అందుకు ముడిసరుకుగా మంచి మాంసకృత్తులు అందాలి. పెద్ద జాతి కుక్కకి ఎనిమిదేళ్ళు పెరుగన్నం మీద అవి చాలకపోయి ఉండొచ్చు. టారిన్ లోటు వల్ల వచ్చిన డీసీఎం అయితే అది అందించాక గుండె కొంత తేరుకున్న కుక్కలున్నాయి, ఈ జబ్బులో అలాంటి అవకాశం అరుదు, దాన్ని వదులుకోకూడదు. డాక్టరుతో మాట్లాడి టారిన్ మొదలుపెట్టు, కొన్ని నెలల తరవాత ఎకో (గుండె స్కాన్) మళ్ళీ తీయించు. ఇంట్లో మాంసం వండరని అర్థమైంది. కనీసం ఉడికించిన గుడ్లకి అమ్మని ఒప్పించు. బయట పెరట్లో వేరే గిన్నె, వేరే పొయ్యి పెట్టుకుని కుక్క కోసం చికెన్ ఉడికించే శాకాహార కుటుంబాలు నాకు తెలుసు. పప్పు ఎక్కువగా ఉండే “గ్రెయిన్ ఫ్రీ” (ధాన్యం లేని) మేతల వైపు మాత్రం వెళ్ళకు. వాటికీ డీసీఎంకీ సంబంధం ఉందేమోనని అమెరికాలో ఆహారం, మందుల మీద నిఘా ఉంచే ఎఫ్‌డీఏ సంస్థ 2018లో విచారణ మొదలుపెట్టింది.

ఎకోకి ప్రైవేటులో అంత ఇవ్వలేకపోతే హైదరాబాద్ రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీ ఆసుపత్రికి తీసుకెళ్ళు. మీ దగ్గర్లో మామునూరు కాలేజీ కూడా ఉంది, ముందు అక్కడ ఏం పరీక్షలు చేస్తారో అడుగు. ఆంధ్రలో ఉన్నవాళ్ళకి తిరుపతి, గన్నవరం కాలేజీలున్నాయి. చదువుకునే పిల్లలు చుట్టూ నిలబడతారు, కొంచెం ఆలస్యమవుతుంది, కానీ రుసుము తక్కువ, చూసేవాళ్ళు ప్రొఫెసర్లు.

ప్రశ్న: మా డాక్స్‌హండ్‌కి ఏడేళ్ళు. టీకాకి వెళితే స్టెతస్కోపుతో విని గుండెలో చప్పుడుంది అన్నారు. దగ్గు లేదు, ఆయాసం లేదు, మెట్లన్నీ ఎక్కుతుంది. నాలుగు రకాల మందులు రాశారు, నెలకి 3,000. మొదలుపెట్టాలా? (నెల్లూరు)

జవాబు: ఇంకా మొదలుపెట్టకండి. చప్పుడు వినపడటం జబ్బు ఉందనడానికి గుర్తు, మందు అవసరం అనడానికి కాదు. ఆ మూడు వేలలో కొంత ఒక్కసారి ఛాతీ ఎక్స్‌రేకి, వీలైతే ఎకోకి పెట్టండి. గుండె పరిమాణం పెరగకపోతే దాన్ని బీ1 దశ అంటాం, అప్పుడు ఏ మందూ అక్కర్లేదు, ఏడాదికొకసారి చూపిస్తే చాలు. గుండె పెరిగి ఉంటే బీ2. అప్పుడు పింబోబెండాన్ ఒక్కటి ఆలస్యం చేయకుండా మొదలుపెట్టాలి. 2016లో వచ్చిన ఎపిక్ అధ్యయనంలో 360 కుక్కల్ని చూశారు, ఆ దశలో మందు వేసినవాటికి గుండె ఫెయిలవడం సుమారు 15 నెలలు వెనక్కి జరిగింది. లాసిక్స్ నీరు చేరినప్పుడే. నీరు లేని కుక్కకి ముందు జాగ్రత్తగా వేయడం అనవసరం. మీకు రాసినవారికి చెడు ఉద్దేశం ఉందనుకోను, ఎక్స్‌రే లేని చోట కొందరు అలా రాస్తారు. కానీ మీరు అడగాలి: గుండె ఎంత పెరిగింది, ఎలా తెలిసింది?

చిన్న జాతుల్లో దగ్గంతా గుండెది కూడా కాదు. పమేరియన్లలో శ్వాసనాళం నొక్కుకుపోయి అచ్చం గుండె దగ్గులాగే వస్తుంది. పోయిన ఏడాది ఒకావిడ రెండేళ్ళుగా గుండె మందులు వాడిన కుక్కని తెచ్చారు. ఎక్స్‌రేలో గుండె మామూలుగా ఉంది, ఎకోలోనూ అంతే. రెండేళ్ళ డబ్బు. ఆవిడ ఎక్స్‌రే చూస్తూ ఏమీ అనలేదు, చాలాసేపు అలాగే కూర్చున్నారు.

ప్రశ్న: నాన్నగారు పోయి మూడు నెలలైంది. ఆయన గుండె మాత్రలు డబ్బా నిండా ఉన్నాయి, పారేయడానికి మనసు రావట్లేదు. ఆయన పెంచిన కుక్కకే ఇప్పుడు గుండె జబ్బు. అవి దానికి వేయొచ్చా? (హైదరాబాద్)

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. డబ్బాలో ఉన్నవాటి పేర్లు రాశారు కాబట్టి ఒక్కొక్కటీ చెబుతాను. ఎకోస్ప్రిన్, క్లోపిడోగ్రెల్, అటోర్వాస్టాటిన్ వద్దు. అవి రక్తనాళాల్లో కొవ్వు, గడ్డలు అడ్డుపడే జబ్బుకి. కుక్కల్లో ఆ జబ్బు చాలా అరుదు, మీ కుక్కది కవాటం జబ్బు. మెటోప్రొలాల్ అసలు వద్దు. అది గుండె వేగాన్ని, బలాన్ని తగ్గిస్తుంది, ఊపిరితిత్తుల్లో నీరున్న కుక్కకి వేస్తే ప్రాణం మీదికి రావచ్చు. నొప్పి మాత్రలు ఉన్నాయన్నారు, డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ కుక్కకి ఎప్పుడూ వేయకండి, లాసిక్స్ తోడైతే కిడ్నీలు పోతాయి.

లాసిక్స్ 40 మిల్లీగ్రాముల మాత్రలు రెండు షీట్లున్నాయి కదా. గడువు తేదీ దాటకపోతే అవి పనికొస్తాయి. మీ డాక్టరుకి చూపించి, ఎన్నో వంతు వేయాలో రాయించుకోండి. నాన్నగారివి ఆ రెండు షీట్లు ఆయన కుక్కకి కొంతకాలం వస్తాయి. మిగతావి మందుల షాపులో అడిగి పారేయించండి, ఇంట్లో ఉంచితే ఎప్పుడో ఎవరో పొరపాటున వేస్తారు.

ప్రశ్న: గుంటూరులో ఆటో నడుపుతాను. పదేళ్ళ క్రితం రోడ్డు మీద దొరికింది మా రాణి, 14 కిలోలు ఉంటుంది. కవాటం జబ్బు, నీరు పట్టింది. పెద్ద మందు నా వల్ల కాదు డాక్టరుగారూ, ఇద్దరు పిల్లల ఫీజులున్నాయి. లాసిక్స్ ఒక్కటే వేస్తే పాపమా? లేక ఇన్సూరెన్స్ లాంటిది ఏమైనా ఉంటుందా?

జవాబు: పాపం కాదన్నా. ఇన్సూరెన్స్ సంగతి ముందు చెప్పేస్తాను, కుక్కలకి పాలసీలు ఉన్నాయి గానీ జబ్బు బయటపడ్డాక తీసుకుంటే ఆ జబ్బుకి డబ్బు రాదు. 2025లో కేంద్రం చవక మందుల కోసం పశు ఔషధి అనే పథకానికి ఆమోదం ఇచ్చింది, అది పాడి పశువుల కోసం ఉద్దేశించింది, దాని మీద ఆశ పెట్టుకుని ఇప్పుడు ఆగకు.

నీకు నిజం చెప్పాలి. 2008లో వచ్చిన క్వెస్ట్ అధ్యయనంలో ఇలాంటి కుక్కలకి లాసిక్స్ లాంటి మందులతో పాటు సగం వాటికి పింబోబెండాన్, సగం వాటికి బెనజెప్రిల్ ఇచ్చారు. మొదటివి మధ్యస్థంగా 267 రోజులు నిలిచాయి, రెండోవి 140 రోజులు. అంటే పెద్ద మందు లేకపోతే రాణికి దక్కే కాలం తగ్గుతుంది, అది దాచను. కానీ 140 రోజులు సున్నా కాదు. పింబోబెండాన్ రాకముందు మేమందరం వాడింది లాసిక్స్, ఎనలాప్రిలే. రెండూ జన్ ఔషధిలో దొరుకుతాయి, నీ రోజు బేరంలో నుంచి కొనగలిగేవే. లాసిక్స్ ఒక్కటే వేస్తే కొంతకాలానికి ఒళ్ళు ఎదురు తిరిగి నీటిని మళ్ళీ పట్టి ఉంచడం మొదలుపెడుతుంది, అందుకే రెండోది జోడించాలి. రాణి ఊపిరి తేలిగ్గా తీసుకుంటుంది, పిల్లలతో పాటు పడుకోగలుగుతుంది. పిల్లల ఫీజు కట్టి కుక్కకి చేతనైన మందు వేసినవాడు ఏ తప్పూ చేయలేదు.

మీ డాక్టరుకి “నెలకి నేను ఇంతే పెట్టగలను” అని అంకె చెప్పు. ఆ అంకెలో పింబోబెండాన్ పడుతుందేమో ఆయన చూస్తారు, ఒక్కోసారి కంపెనీల శాంపిళ్ళు ఉంటాయి, ఒక్కోసారి కుక్క పోయినవాళ్ళు మిగిలిన మాత్రలు ఆసుపత్రిలో ఇచ్చి వెళతారు. అడిగినవాళ్ళకే అవి అందుతాయి. కొన్ని వారాలు వేసి తరవాత ఆపేయాల్సి వస్తుందనుకుంటే మాత్రం ముందే చెప్పు, ఎలా మార్చాలో ఆయన చూసుకుంటారు.

ఒక రోజు వస్తుంది, మందు వేసినా నిద్రలో ఊపిరి 40, 50 దగ్గరే ఉంటుంది, పడుకోలేక నిలబడే ఉంటుంది, నీ చేత్తో పెట్టినా తినదు. ఆ రోజు ఇంజెక్షన్‌తో నిద్రపుచ్చమని అడగడం కూడా పాపం కాదు. కానీ రాణి ఇంకా నీ ఆటో చప్పుడు వినగానే గేటు దగ్గరికి వస్తోందని రాశావు, కాబట్టి అది ఈ రోజు మాట్లాడుకోవాల్సింది కాదు.

గన్నవరం కాలేజీ ఆసుపత్రి నీకు దగ్గర. పొద్దున్నే వెళ్ళు, ఎండ ఎక్కకముందు, నీ ఆటోలోనే, రాణికి రెండు పక్కలా గాలి తగిలేలా. పాత చీటీలు, ఎక్స్‌రే తీసుకెళ్ళు. ఈ రాత్రి, రేపు రాత్రి రాణి పడుకున్నాక ఊపిరి లెక్కపెట్టి పిల్లల నోట్‌బుక్‌లో కాగితం మీద రాయి, అది కూడా పట్టుకెళ్ళు, డాక్టరు ముందుగా అడిగేది అదే.